వేబిల్లు వచ్చింది, లారీ రాలేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ప్రోగ్రాములు రాసే సి లాంగ్వేజ్ మీదే ఉన్నాయి, పరీక్షలు దగ్గర పడ్డట్టున్నాయి. ఎప్పటిలాగే కోడ్ ముక్కలు కూడా తెలుగు అక్షరాల్లోనే అచ్చు వేస్తున్నాం. మిషన్ మీద మాత్రం ఇంగ్లిష్‌లో కొట్టుకోండి, లేకపోతే ఆ ఎర్రర్ కూడా నా ఖాతాలోకే వస్తుంది.

ప్రశ్న: సార్, నేను దేవరకొండలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మెయిన్ లోపల ‘ఇంట్ ఎ, బి;’ అని రాస్తే కంపైలర్ (మనం రాసిన కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చేది) ఏమీ అనదు. అదే ఫంక్షన్ బ్రాకెట్లో ‘ఇంట్ యాడ్(ఇంట్ ఎ, బి)’ అని రాస్తే ‘అన్‌నోన్ టైప్ నేమ్ బి’ అంటుంది. బి అనేది టైప్ అని నేనెక్కడ అన్నాను? మా సీనియర్ అక్క ఇచ్చిన నోట్సులో ఇంకో రకంగా ఉంది. బ్రాకెట్లో ఉత్త పేర్లు ఎ, బి రాసి, ఆ కింది వరుసలో ‘ఇంట్ ఎ, బి;’ అని రాసుంది. ఏది కరెక్టు?

జవాబు: మీరు అనలేదమ్మా, మీ కామా అంది. మెయిన్‌లోని కామా, బ్రాకెట్లోని కామా చూడ్డానికి ఒకటే గానీ చేసే పని వేరు. మెయిన్ లోపల ‘ఇంట్ ఎ, బి;’ అన్నప్పుడు ఆ ఇంట్ అనే మాట, అంటే పూర్ణాంకం అని చెప్పే టైప్, సెమీకోలన్ దాకా అందరికీ వర్తిస్తుంది, ఒక్క ఇంటిపేరు రాసి దాని కింద అన్నదమ్ములందరి పేర్లూ రాసినట్టు. బ్రాకెట్లో ఆ సౌకర్యం లేదు. అక్కడ రేషన్ షాపు లైన్‌లాగా ఎవరి కార్డు వాళ్లే చూపించాలి. కామా పడిందంటే ముందున్న మనిషి పని అయిపోయింది, వెనకాల కొత్త మనిషి వచ్చాడు, ఇతని టైప్ ఏదీ అని కంపైలర్ వెతుకుతుంది. టైప్ ఉండాల్సిన చోట దానికి ‘బి’ కనబడింది, కాబట్టి ఇదేదో టైప్ పేరు కాబోలు, నేనెప్పుడూ వినలేదే అంటుంది. మెసేజ్ అట్లా రావడానికి కారణం అదే. ‘ఇంట్ యాడ్(ఇంట్ ఎ, ఇంట్ బి)’ అని రాయండి, గొడవ పోతుంది.

మీ సీనియర్ నోట్సు తప్పు కాదు, బాగా పాతది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సి తయారు చేసినప్పుడు పద్ధతి అదే, బ్రాకెట్లో పేర్లు, కింద టైపులు. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, ఆ ఫంక్షన్‌ని పిలిచేవాళ్లు ఎన్ని విలువలు ఇచ్చారు, ఏ టైపువి ఇచ్చారు అని కంపైలర్ సరిచూసేది కాదు. రెండు అడిగే ఫంక్షన్‌కి ఒక్కటే ఇచ్చినా నోరు మెదపదు, రన్ చేశాక ఎక్కడిదో తెలియని అంకె వచ్చి కూర్చుంటుంది. 1989లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ సి భాషకు స్టాండర్డ్ ఖరారు చేసినప్పుడు, టైపు, పేరు కలిపి బ్రాకెట్లోనే రాసే పద్ధతిని సి ప్లస్ ప్లస్ నుంచి తెచ్చుకున్నారు. మనం ప్రోటోటైప్ అంటున్నది దాన్నే. పాత పద్ధతిని వెంటనే తీసేయలేదు, అది కూడా పక్కనే చాలా ఏళ్లు బతికింది. సి23 అని పిలిచే కొత్త స్టాండర్డ్‌లోనే దాన్ని పూర్తిగా తీసేశారు. పరీక్షలో పాత పద్ధతి గురించి అడిగితే రాయండి, ప్రోగ్రాంలో మాత్రం వద్దు.

అదే ఊపులో ఇంకొకటి. ‘ఇంట్ యాడ్()’ అని ఖాళీ బ్రాకెట్‌తో డిక్లేర్ చేస్తే, ఇది ఏమీ తీసుకోదు అని చెప్పినట్టే అనుకుంటారు చాలామంది. సి23కి ముందు దాని అర్థం అది కాదు, ‘ఏం తీసుకుంటుందో ఇప్పుడు చెప్పను’ అని. ఏమీ తీసుకోదు అని ఖాయంగా చెప్పాలంటే బ్రాకెట్లో ‘వాయిడ్’ అని రాయాలి.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నాను సార్, బీటెక్ ఫస్టియర్. ల్యాబ్‌లో లైనక్స్. మ్యాథ్ డాట్ హెచ్ ఇంక్లూడ్ చేశాను, మూడుసార్లు చూసుకున్నాను కూడా. అయినా ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌క్యూఆర్‌టీ’ అంటుంది. విచిత్రం ఏందంటే బ్రాకెట్లో నేరుగా 16 అని రాస్తే 4 వస్తుంది. అంకెను కీబోర్డు నుంచి తీసుకుని ఎన్‌లో పెట్టి ఎస్‌క్యూఆర్‌టీ(ఎన్) అంటే మాత్రం కాదంటుంది. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో అదే ఫైల్ బుద్ధిగా నడుస్తుంది. రెండు రోజుల నుంచి పరేషాన్‌లో ఉన్నాను.

జవాబు: ఈ ప్రశ్న ఏటా వస్తుంది, కానీ 16 సంగతి గమనించి రాసింది మీరొక్కరే, అందుకని కొంచెం పెద్దగా చెప్తాను.

ముందు ఇంక్లూడ్ ఏం చేస్తుందో చూడండి. లైబ్రరీని మోసుకొచ్చి మీ ప్రోగ్రాంలో పెట్టదు. ఆ హెడర్ ఫైల్లో ఉన్న వరుసల్ని ఎత్తి, ఇంక్లూడ్ అని మీరు రాసిన చోట అతికిస్తుంది, అంతే. నమ్మకం లేకపోతే జీసీసీకి, అంటే మీ ల్యాబ్‌లోని సి కంపైలర్‌కి, హైఫన్, పెద్ద బడి ‘ఇ’ ఇచ్చి చూడండి, ఐదు వరుసల మీ ప్రోగ్రాం వందల వరుసలై స్క్రీన్ మీద జారిపోతుంది. ఆ వందల్లో వెతికితే ఎస్‌క్యూఆర్‌టీ గురించి దొరికేది ఒక్క ముక్క: ఈ పేరుతో ఒక ఫంక్షన్ ఉంది, ఒక డబుల్ (దశాంశాలు పట్టే అంకె) తీసుకుంటుంది, డబుల్ తిరిగిస్తుంది. వర్గమూలం ఎట్లా కట్టాలో అందులో ఎక్కడా ఉండదు.

జడ్చర్ల దగ్గర హైవే మీద గోదాముల్లో పనిచేసేవాళ్లని అడిగితే మీకు ఇది ఒక్క మాటలో చెప్తారు. హెడర్ ఫైల్ అంటే వేబిల్లు. సరుకు పేరేంటి, ఎన్ని బస్తాలు, ఎక్కడికి పోవాలి అన్నీ దాంట్లో ఉంటాయి, సరుకు మాత్రం లారీలో ఉంటుంది. కంపైలర్ వేబిల్లు చూసి సంతకం పెట్టే గుమస్తా. మీరు ఎస్‌క్యూఆర్‌టీకి ఒక అంకె ఇచ్చారా, వచ్చినదాన్ని డబుల్‌గా వాడుకున్నారా అని చూసి పంపేస్తుంది. ఆ తర్వాత ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాం తయారు చేసే లింకర్ వస్తుంది, దానికి కాగితాలతో పని లేదు, బస్తాలు దింపాలి. లారీ ఏదీ అంటుంది. మీకు వచ్చిన ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ ఆ లింకర్ కేక. మెసేజ్‌లో ఆ రెండు మాటలు కనబడితే మీ ఇంక్లూడ్ వరుసల్ని తిరగేయడం మానేయండి, తప్పు అక్కడ లేదు.

లారీని పిలవడం తేలిక. కంపైల్ చేసే కమాండ్ చివర హైఫన్ ఎల్ ఎం అని చేర్చండి. ఎల్ అంటే లైబ్రరీ, ఎం అంటే దాని పేరు. డిస్కు మీద ఆ ఫైల్ పేరు లిబ్‌ఎం అని ఉంటుంది, ముందున్న ‘లిబ్’ని లింకర్ తనే కలుపుకుంటుంది. చివర అని ఎందుకన్నానంటే, లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. లైబ్రరీ ముందే తగిలితే, ఇప్పటిదాకా దీన్ని ఎవరూ అడగలేదు కదా అని చాలా సిస్టమ్స్‌లో వదిలేసి ముందుకు పోతుంది, తర్వాత మీ ఫైల్ వచ్చి అడిగితే వెనక్కి తిరగదు. హైఫన్ ఎల్ ఎం పెట్టాను సార్ అయినా రాలేదు అని రాసేవాళ్లలో చాలామంది దాన్ని ఫైల్ పేరుకు ముందు పెట్టినవాళ్లే.

ఇక 16. కళ్లెదుట అంకె ఉన్నప్పుడు జీసీసీ లైబ్రరీ దాకా పోదు. 16కి వర్గమూలం 4 అని కంపైల్ చేసేటప్పుడే తను లెక్క కట్టి, మీ ఫంక్షన్ కాల్ తీసేసి అక్కడ 4 పెట్టేస్తుంది. ఇంక లింకర్‌ని అడిగేదేముంది? ఎన్‌లో ఏముందో రన్ చేస్తే గానీ తెలియదు కాబట్టి అప్పుడు నిజంగా లారీ కావాల్సి వచ్చింది. విండోస్ సంగతంటారా, అక్కడ లెక్కల ఫంక్షన్లు ప్రింట్ఎఫ్ ఉండే లైబ్రరీలోనే కలిసి ఉంటాయి, ఆ లైబ్రరీ అడగకుండానే తగులుకుంటుంది. లైనక్స్‌లో యూనిక్స్ కాలం నుంచి లెక్కల లైబ్రరీది వేరు కాపురం. 2021లో వచ్చిన జీలిబ్‌సీ (లైనక్స్‌లో వాడే అసలు సి లైబ్రరీ) 2.34లో థ్రెడ్ల లైబ్రరీని తెచ్చి అసలు దాంట్లో కలిపేశారు గానీ దీన్ని మాత్రం కలపలేదు.

ప్రశ్న: మాది కల్వకుర్తి. కాలేజీలో డాస్‌బాక్స్‌లో టర్బో సి వాడతాం. అక్కడ నడిచిన ప్రోగ్రాం ఇంట్లో కొత్త జీసీసీలో నడవదు. కోనియో డాట్ హెచ్ లేదంటుంది, అది తీసేస్తే ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్’ అని ఎర్రర్ ఇస్తుంది. మా ఫ్రెండ్ దగ్గర పాత జీసీసీలో అదే ప్రోగ్రాంలో అది ఉత్త వార్నింగే. ఎవరి కంపైలర్ తప్పు సార్?

జవాబు: ఎవరిదీ కాదు. కోనియో డాట్ హెచ్, అందులోని సీఎల్ఆర్ఎస్‌సీఆర్, గెట్‌సీహెచ్ సి స్టాండర్డ్‌లో లేనేలేవు, అవి డాస్ కాలం సరుకు. మన దగ్గర రెండు తరాలు ప్రతి ప్రోగ్రాం మొదట స్క్రీన్ తుడిచి చివర్లో గెట్‌సీహెచ్ పెట్టడం గడప కడిగి ముగ్గు వేసినంత ఆచారంగా నేర్చుకున్నాయి, నేనూ అందులో ఒకణ్ని. రెండూ తీసేయండి, ప్రోగ్రాంకి ఏమీ కాదు.

ఇంప్లిసిట్ డిక్లరేషన్ కథ వేరే. పూర్వపు సి లో మీరు డిక్లేర్ చెయ్యని ఫంక్షన్‌ని పిలిస్తే, సరే ఇదేదో ఇంట్ తిరిగిచ్చే ఫంక్షన్ అయ్యుంటుందిలే అని కంపైలర్ తనే ఊహించుకునేది. 1999 స్టాండర్డ్ ఆ ఊహను రద్దు చేసింది. పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని జీసీసీ ఇంకో పాతికేళ్లు వార్నింగ్‌తో సరిపెట్టి, 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి దాన్ని ఎర్రర్ చేసింది. మీది కొత్తది, మీ ఫ్రెండ్‌ది పాతది. మీరు పిలిచిన ప్రతి ఫంక్షన్ ఏ హెడర్‌దో చూసి దాన్ని ఇంక్లూడ్ చేయండి, మీరే రాసుకున్న ఫంక్షన్ అయితే మెయిన్‌కి పైన ప్రోటోటైప్ పెట్టండి.

ఆ ఊహ ఎంత ప్రమాదమో నాకు అనుభవం ఉంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకునే రోజుల్లో, ఎస్‌క్యూఆర్‌టీ(25) అని రాసి మ్యాథ్ డాట్ హెచ్ మర్చిపోయాను. ఎర్రర్ రాలేదు, ఐదు కూడా రాలేదు, ఏదో పిచ్చి అంకె వచ్చింది. సాయంత్రం అంతా ఫార్ములా తప్పనుకుని కాగితం మీద లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను, చెప్పే సారేమో కంప్యూటర్ వేడెక్కింది, రేపు రా అన్నాడు. జరిగిందేమిటంటే, టర్బో సి లో ఇంట్ 2 బైట్లు, డబుల్ 8 బైట్లు. ప్రోటోటైప్ కనబడి ఉంటే కంపైలర్ నా 25ని 25.0గా మార్చి 8 బైట్లూ పంపేది. అది లేకపోయేసరికి 2 బైట్లే పంపింది, అవతల ఎస్‌క్యూఆర్‌టీ 8 బైట్లు చదువుకుంది, మిగతా ఆరింటిలో ఏ చెత్త ఉందో ఎవరికి తెలుసు. తిరిగొచ్చిన జవాబును కూడా ఇంట్ అనుకుని వేరే చోట వెతికింది. పారామీటర్ల, అంటే ఫంక్షన్ బ్రాకెట్లో తీసుకునే విలువల, టైపులు ముందే చెప్పడం అంటే కంపైలర్‌కి మర్యాద కోసం చెప్పడం కాదు, విలువను ఏ రూపంలో పంపాలో అది తేల్చుకునేది దాన్ని బట్టే.

ప్రశ్న: అన్నా, మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమస్తాగా పనిచేస్తూ రాత్రిళ్లు సి నేర్చుకుంటున్నా. వడ్ల డబ్బు లెక్క కట్టడానికి ‘డబుల్ చెల్లింపు(డబుల్ తూకం, డబుల్ తేమ, డబుల్ రేటు)’ అని ఫంక్షన్ రాసిన. తేమ 17 శాతం దాటితే దాటిన ఒక్కో శాతానికి తూకంలో ఒక శాతం కోత. 40 క్వింటాళ్లు, తేమ 19, రేటు 2,320. చేత్తో కడితే 90,944 రూపాయలు. ప్రోగ్రాంలో 33,941 రూపాయల 60 పైసలు వస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మెయిన్‌లో ‘చెల్లింపు(తేమ, తూకం, రేటు)’ అని పిలిచిన, పేర్లన్నీ అవే కదా?

జవాబు: పేర్లు అవే తమ్ముడూ, వరుస మారింది. పిలిచే చోట మీ వేరియబుల్ పేరు ఏదైనా కంపైలర్‌కి అనవసరం, మొదట ఇచ్చింది మొదటి పారామీటర్‌లోకి, రెండోది రెండోదాంట్లోకి పోతుంది. మీ ప్రోగ్రాం ఏం చేసిందంటే 19 క్వింటాళ్ల వడ్లు, 40 శాతం తేమ అనుకుంది. అంటే 23 శాతం కోత, 14.63 క్వింటాళ్లు, దాన్ని 2,320తో గుణిస్తే మీరు రాసిన అంకె పైసలతో సహా వస్తుంది. 40 శాతం తేమ ఉన్న వడ్లను కాంటా దగ్గరికి తెస్తే మీ మిల్లులో హమాలీ కూడా నవ్వుతాడు, కంపైలర్‌కి ఆ తెలివి లేదు. దానికి మూడూ డబుల్సే, ఏది తూకమో ఏది తేమో తెలియదు.

ఒకటి గమనించండి, తూకం, రేటు తారుమారు చేసి ఉంటే మీకు ఎప్పటికీ తెలిసేది కాదు, గుణకారం కాబట్టి జవాబు 90,944 సరిగ్గానే వచ్చేది. రేపు రేటుకి బోనస్ కలిపే లెక్క చేర్చిన రోజున బయటపడేది.

ఏం చేయొచ్చంటే, ఫంక్షన్ మొదట్లోనే తేమ 30 దాటితే లెక్క కట్టకుండా ఆపెయ్యండి, ఆ హద్దు ఎంతో నాకంటే మీకే బాగా తెలుస్తుంది. ఇంకా గట్టిగా కావాలంటే మూడింటినీ ఒక స్ట్రక్చర్‌లో పెట్టి పంపండి, 1999 స్టాండర్డ్ నుంచి స్ట్రక్చర్ నింపేటప్పుడు ‘.తేమ = 19’ అని పేరు పెట్టి ఇవ్వొచ్చు, వరుస ఎట్లా ఉన్నా ఫర్వాలేదు. పైథాన్‌కి మారితే పిలిచే చోటే ‘తేమ=19’ అనొచ్చు. ప్రోటోటైప్‌లో పేర్లు లేకుండా ‘డబుల్, డబుల్, డబుల్’ అని రాసినా సి ఒప్పుకుంటుంది గానీ మీరు ఒప్పుకోవద్దు, ఆరు నెలల తర్వాత ఆ వరుస చూసి ఏది ముందో మీకే గుర్తుండదు.

ప్రశ్న: సార్, సూర్యాపేట నుంచి. ప్రోగ్రాం పెద్దదవుతోందని బిల్లు లెక్కలన్నీ ‘బిల్లు.సి’ అని వేరే ఫైల్లో పెట్టి మెయిన్‌లో దాన్నే ఇంక్లూడ్ చేశాను, నడిచింది. రిపోర్టు ఫైల్లో కూడా కావాల్సి వచ్చి అక్కడా ఇంక్లూడ్ చేస్తే ‘మల్టిపుల్ డెఫినిషన్’ అంటుంది. ఇఫ్‌ఎన్‌డెఫ్ పెట్టమని ఎవరో అంటే పెట్టాను, అయినా అంతే.

జవాబు: పైన వేబిల్లు అన్నాను కదా, వేబిల్లుకి ఎన్ని జిరాక్సులు తీసినా నష్టం లేదు, లారీ మాత్రం ఒక్కటే రావాలి. మీరు లారీనే రెండుసార్లు తోలారు. ఇంక్లూడ్ అంటే అతికించడమే కాబట్టి బిల్లు ఫంక్షన్ల ఒళ్లు మొత్తం మెయిన్‌లో ఒకసారి, రిపోర్టులో ఒకసారి తయారైంది, ఇందులో అసలుది ఏది అని లింకర్ గొడవ పెట్టింది. ఇఫ్‌ఎన్‌డెఫ్ పని చేసేది ఒకే ఫైల్లో ఒక హెడర్ రెండుసార్లు పడకుండా ఆపడానికి. మెయిన్, రిపోర్టు విడివిడిగా కంపైల్ అవుతాయి, ఒకదాంట్లో పెట్టిన గుర్తు రెండోదానికి తెలియదు.

‘బిల్లు.హెచ్’ అని కొత్త ఫైల్ తెరిచి అందులో ప్రోటోటైపులు మాత్రం పెట్టండి, ఇఫ్‌ఎన్‌డెఫ్ దానికి ఉంచండి. మెయిన్‌లో, రిపోర్టులో, బిల్లు.సి లో కూడా ఆ హెడర్‌నే ఇంక్లూడ్ చేయండి. బిల్లు.సి లో ఎందుకంటే, ప్రోటోటైప్‌లో మూడు పారామీటర్లు రాసి అసలు ఫంక్షన్‌లో నాలుగు పెడితే కంపైలర్ అక్కడే పట్టుకుంటుంది. కంపైల్ చేసేటప్పుడు మూడు సి ఫైళ్ల పేర్లూ కమాండ్‌లో ఇవ్వండి. మీ సొంత హెడర్‌కి కోటు గుర్తులు వాడండి, అప్పుడు ముందు మీ ఫోల్డర్‌లో వెతుకుతుంది. కోణపు బ్రాకెట్లు సిస్టమ్‌తో వచ్చిన హెడర్లకు.

ప్రశ్న: నకిరేకల్. 10 ఇంట్‌లు పట్టే అర్రేని సైజాఫ్‌తో కొలిస్తే మెయిన్‌లో 40 బైట్లు చూపిస్తుంది, ఫంక్షన్‌కి పంపాక లోపల 8 చూపిస్తుంది. పారామీటర్‌లో కూడా 10 అనే రాశాను.

జవాబు: పారామీటర్‌లో ఆ 10ని కంపైలర్ పట్టించుకోదు. అర్రే పోదు, మొదటి గది అడ్రస్ పోతుంది, 64 బిట్ మిషన్‌లో అడ్రస్ సైజు 8 బైట్లు. ఎన్ని గదులున్నాయో ఇంకో పారామీటర్‌గా పంపండి.

ప్రశ్న: గద్వాల నుంచి, పైథాన్ మొదలుపెట్టి వారం అయింది. ‘ఇంపోర్ట్ రాండమ్’ అని రాసి రాండ్‌ఇంట్ పిలిస్తే అట్లాంటిది లేదంటుంది. నిన్నటిదాకా వచ్చింది. టెన్షన్‌తో పైథాన్ తీసేసి మళ్లీ ఎక్కించాను కూడా.

జవాబు: మీ ఫైల్‌కి ఏం పేరు పెట్టారో రాయలేదు గానీ పందెం కాస్తాను, ‘రాండమ్.పై’. పైథాన్ మాడ్యూల్‌ని మొదట మీ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అక్కడ మీదే దొరికింది, అందులో రాండ్‌ఇంట్ లేదు. ‘పాచికలు.పై’ అని పేరు మార్చండి. అదే ఫోల్డర్‌లో ‘టర్టిల్.పై’ కూడా పెట్టుకుని ఉంటే ఇప్పుడే మార్చేయండి, లేకపోతే వచ్చే నెల ఆ ఉత్తరం కూడా రాస్తారు.